రాతి తీరంలో సముద్ర జీవుల్ని చూడాలంటే: విశాఖ, నరారా, ముంబయి, నీల్ దీవి... ఏ గైడెడ్ వాక్ ఎవరికి?

ఆటు వేళ సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల సందుల్లో, గుంటల్లో కాసిన్ని నీళ్లు మిగిలిపోతాయి. టైడ్‌పూల్స్ అనేవి ఇవే. మళ్లీ పోటు వచ్చేదాకా ఆ నీళ్లలో పీతలు, చిన్న చేపలు, పువ్వుల్లా కనిపించే సీ అనెమొనీలు, అదృష్టం బాగుంటే ఒక ఆక్టోపస్ కూడా చిక్కుకుని ఉంటాయి. వీటిని దగ్గరుండి చూపించే గైడెడ్ వాక్‌లు మన దేశంలో కొన్నిచోట్ల దొరుకుతాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఆలోచించేవి నాలుగు: విశాఖ, గుజరాత్‌లోని నరారా, ముంబయి, అండమాన్‌లోని నీల్ దీవి.

ముందే నా మాట చెప్పేస్తాను. ఎక్కడికి వెళ్లాలా అని జనం వారాల తరబడి తర్జనభర్జన పడతారు. ఏ రోజు, ఏ గంటకి, ఎవరితో వెళ్తున్నారన్నది మాత్రం చివర్లో చూసుకుంటారు. ఈ వరస తిరగేయాలి. మంచి ఆటు రోజున, తెలిసిన మనిషి వెంట తిరిగిన చిన్న తీరం ఇచ్చే ఆనందం, పోటు వేళకి చేరుకున్న ఎంత పేరున్న తీరమూ ఇవ్వదు.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ఆటు ఎంత, ఎప్పుడు? మన తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే ఇవాళ ఉదయం 6కి ఆటు ఉంటే రేపు అది 6.50 ప్రాంతానికి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, ఆ తర్వాత ఒకట్రెండు రోజులు నీళ్లు బాగా కిందికి దిగుతాయి. అష్టమి దగ్గరపడితే దిగీ దిగనట్టు ఉంటాయి. ఇంట్లో గోడ క్యాలెండర్ చూసి తిథి చెప్పే పెద్దవాళ్లుంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగానికి ఆటుపోట్ల వేళలు, ఎత్తులు చెప్పే టైడ్ టేబుల్ ఉంది. హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఆటుపోట్ల అంచనాలనీ, ఎత్తైన అలల హెచ్చరికలనీ ఇస్తుంది. టికెట్లు కొనేముందు అక్కడ చూసుకోండి.

నీళ్లు ఎంత దిగుతాయన్నది ఊరిని బట్టి మారుతుంది. విశాఖలో పెద్ద పోటు రోజుల్లో కూడా పోటుకీ ఆటుకీ ఎత్తులో తేడా దాదాపు ఒకటిన్నర మీటరే. ముంబయిలో అది 4 నుంచి 5 మీటర్లు. గల్ఫ్ ఆఫ్ కచ్‌లో ఇంకా ఎక్కువ. అంటే విశాఖలో రాళ్ల అంచు మాత్రమే బయటపడితే, నరారాలో కనుచూపు మేర సముద్రపు నేలే బయటపడుతుంది. దీనివల్ల ఒక ఊరి టైడ్ టేబుల్‌లో కనిపించే అంకె ఇంకో ఊరికి పనికిరాదు. విశాఖకి 0.4 మీటర్లు, అంతకంటే తక్కువ ఉన్న ఆటు మంచిదని లెక్క పెట్టుకోవచ్చు. మిగతాచోట్ల ఆ పక్షంలో అన్నిటికంటే తక్కువ అంకె ఉన్న పగటి ఆటుని ఎంచుకోండి.

కాళ్ల కింద ఏముంది? విశాఖ, ముంబయిల్లో రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పైన పచ్చటి నాచు. నరారాలో నేల చదునే, కానీ బురద, మోకాళ్ల దాకా నీళ్లు, పదునైన పగడపు ముక్కలు. కాళ్లలో పట్టు ఎంతుందో ఒప్పుకుని ఎంచుకుంటే ఇబ్బంది ఉండదు.

గైడ్ ఎవరు? నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే. "బీచ్ టూర్" పేరుతో కారు, డ్రైవరు, నాలుగు ఫోటో స్పాట్లు ఇచ్చేవాళ్లు చాలామంది. అది గైడెడ్ వాక్ కాదు. మామూలు కన్ను ఒక గుంటలో నీళ్లు, రాయి, నాచు మాత్రమే చూస్తుంది. తెలిసిన గైడ్ అదే గుంట దగ్గర పావుగంట కూర్చోబెడతాడు. ఇసుక, గవ్వ ముక్కలు అంటుకున్న ఒక నల్లటి జిగురు ముద్దని చూపించి, అది ముడుచుకున్న అనెమొనీ అని చెప్తాడు. ఎండకి ఒంట్లో తడి ఆరిపోకుండా ఆ గవ్వ ముక్కల్ని అదే కప్పుకుంటుంది. పక్కనే గొడుగులా రాయికి అతుక్కున్న లింపెట్ అనే నత్త ఉంటుంది. నీళ్లు వచ్చినప్పుడు మేతకి తిరిగి, మళ్లీ తన చోటికే వచ్చి కూర్చునే లింపెట్లు చాలా ఉన్నాయి. అలా ఏళ్ల తరబడి కూర్చున్నచోట రాయి మీద దాని చిప్ప అంచుకి సరిపోయే గాడి పడుతుంది. ఇలాంటివి చెప్పే మనిషి లేకపోతే రెండు గంటలు రాళ్ల మీద జారకుండా నడవడంతోనే సరిపోతుంది.

ప్రయాణం, సీజన్ సంగతులు కింద చెప్తాను.

## ఒక్కచూపులో

| | విశాఖ | నరారా | ముంబయి | నీల్ దీవి |
|---|---|---|---|---|
| తీరం | ఖొండలైట్ రాళ్లు, కొండల పాదాలు | చదును పగడపు దిబ్బ, బురద, మడ చెట్లు | బసాల్ట్ రాళ్లు, నగరం నడిబొడ్డున | పగడపు రాయి, సహజ రాతి వంతెన |
| పోటు–ఆటు తేడా | దాదాపు 1.5 మీ. | అన్నిటికంటే ఎక్కువ | 4–5 మీ. | 2 మీ. లోపు |
| గైడ్ | ప్రకృతి పరిశీలకులు నడిపే వాక్‌లు | అటవీశాఖ గేటు దగ్గర స్థానిక గైడ్లు | ప్రకృతి పరిశీలకులు నడిపే వాక్‌లు | అక్కడికక్కడ దొరికే స్థానిక గైడ్లు |
| మంచి కాలం | జనవరి–మార్చి | నవంబర్–ఫిబ్రవరి | నవంబర్–మార్చి | జనవరి–ఏప్రిల్ |
| హైదరాబాద్ నుంచి | ఒక రాత్రి రైలు | రెండు రోజులు పక్కన పెట్టాలి | ఒక రాత్రి రైలు లేదా విమానం | అండమాన్ యాత్రలో భాగంగానే |
| నడక కష్టం | మధ్యస్థం, జారుడు ఎక్కువ | దూరం ఎక్కువ, ఎండ | మధ్యస్థం, చెత్త, జారుడు | కొద్ది దూరమే, జారుడు |

## విశాఖ

తూర్పు కనుమలు నేరుగా సముద్రంలోకి దిగే చోటు ఇది. అందుకే ఆంధ్ర తీరంలో మిగతాచోట్ల ఎక్కువగా ఇసుకే కనిపిస్తే, ఇక్కడ రాళ్లు కనిపిస్తాయి. ఆ రాయి పేరు ఖొండలైట్. దగ్గరగా చూస్తే ఎర్రటి గార్నెట్ గింజలు పొదిగి ఉంటాయి. తెన్నేటి పార్క్ కింద, జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్, ఋషికొండ పక్కన, ఇంకా పైకి మంగమారిపేట దగ్గర ఇలాంటి రాతి తీరాలున్నాయి. తెన్నేటి పార్క్ అంటే, 2020 అక్టోబర్‌లో బంగ్లాదేశ్ సరుకు నౌక 'ఎం.వి. మా' కొట్టుకొచ్చి రాళ్ల మీద ఆగిపోయిన చోటు.

ఈస్ట్ కోస్ట్ కన్సర్వేషన్ టీమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఇక్కడ ఆటు వేళల్లో తీరం వెంట వాక్‌లు నడుపుతుంది. ఆటు సమయాన్ని చూసి రోజు నిర్ణయిస్తారు. ఈ ఒక్క పద్ధతి చాలు, పని తెలిసినవాళ్లని గుర్తుపట్టడానికి. ముందుగా వాళ్ల ప్రకటన చూసుకుని దాని ప్రకారం ప్రయాణం పెట్టుకోవాలి. మనకి ఖాళీ ఉన్న శనివారం వాళ్లు వాక్ పెట్టాలని ఎదురుచూస్తే కుదరదు, సముద్రం శనివారాలు చూడదు.

ఏం కనిపిస్తాయి? నల్లటి రాతి పీతలు, ఖాళీ గవ్వలో కాపురముండే హెర్మిట్ పీతలు, గట్టి పెంకుతో రాయికి అతుక్కుని ఉండే బార్నకిల్స్, ముళ్ల సీ అర్చిన్లు, పచ్చని తివాచీలా రాయంతా పరుచుకున్న జోయాంథిడ్లు (అనెమొనీలకి దగ్గరి చుట్టాలు), నీళ్లలోంచి ఎగిరి తడి రాయి మీద నిలబడే బ్లెనీ చేపలు. ఓపికగా చూస్తే చిప్ప లేని సముద్రపు నత్తలు, సీ స్లగ్స్ కూడా దొరుకుతాయి. వేలి గోరంత ఉంటాయి, రంగులు మాత్రం కళ్లు తిప్పుకోనివ్వవు. ఆటు తేడా తక్కువ కాబట్టి చూసే సమయం కూడా తక్కువే, గంటన్నర నుంచి రెండు గంటలు. నరారాతో పోలిస్తే జీవుల సంఖ్యా తక్కువే, ఇది ఒప్పుకోవాలి.

సీజన్ గురించి ఇక్కడ ఒక ప్రత్యేకమైన విషయం. విశాఖ దగ్గర సముద్ర మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో బాగా కిందికీ, అక్టోబర్, నవంబర్లలో బాగా పైకీ ఉంటుంది. పోటు–ఆటు తేడాయే ఒకటిన్నర మీటరున్న చోట ఆ కాస్త హెచ్చుతగ్గులూ కొట్టొచ్చినట్టు తెలుస్తాయి. నవంబర్ పౌర్ణమికి మునిగే ఉన్న రాయి మార్చి పౌర్ణమికి బయట కనిపించవచ్చు. పైగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల కాలం. దసరా సెలవులకి కాకుండా శివరాత్రి చుట్టుపక్కల పెట్టుకోమనేది అందుకే. ఆ నెలల్లోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి.

రోజంతా ఉంటే మిగిలిన సమయం వృథా కాదు. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వైపు వెళ్తే మంగమారిపేట రాతి తోరణం, తొట్లకొండ బౌద్ధ క్షేత్రం, ఎర్రమట్టి దిబ్బలు ఒకే దారిలో ఉన్నాయి. రాతి తోరణాన్ని కూడా ఆటు వేళకే దగ్గరగా చూడగలం. కాబట్టి ఆటుకి రెండు చోట్లా ఉండలేరు, ఒకటి ఎంచుకోండి. నేనైతే రాతి గుంటలకే ఓటేస్తాను. తోరణం రోడ్డు వైపు నుంచి చూసినా అందంగానే ఉంటుంది.

హైదరాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. విజయవాడ, రాజమండ్రి వాళ్లకి ఇంకా సులువు.

## నరారా

జామ్‌నగర్ నుంచి 60 కిలోమీటర్ల దూరంలో, గల్ఫ్ ఆఫ్ కచ్ ఒడ్డున ఉంది. మన దేశపు మొదటి మెరైన్ నేషనల్ పార్క్‌లో ఇది ఒక భాగం. 1980లో అభయారణ్యంగా, 1982లో నేషనల్ పార్క్‌గా ప్రకటించారు. ఈ ఉద్యానవనంలో 42 దీవులున్నాయి. పడవ ఎక్కకుండా, గాలి సిలిండర్ తగిలించుకోకుండా, నడిచి వెళ్లి బతికున్న పగడాల్ని చూడగల చోట్లు దేశంలో చాలా తక్కువ. నరారా వాటిలో ఒకటి.

గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి, రుసుము కట్టి, స్థానిక గైడ్‌ని వెంటబెట్టుకుని వెళ్లాలి. మొదట బురద, తర్వాత మడమల్లోతు నీళ్లు, ఆపైన పగడపు దిబ్బ. గైడ్లు ఈ నేల మీదే పెరిగినవాళ్లు. ఎక్కడ ఏ రాయి కింద ఏముంటుందో వాళ్లకి తెలుసు. శాస్త్రీయ నామాలు చెప్పకపోవచ్చు, కానీ ఆక్టోపస్‌ని కనిపెట్టడంలో వాళ్లని మించినవాళ్లు లేరు. ఒక చిన్న కన్నం ముందు తిని పారేసిన గవ్వలు, పీత పెంకులు కుప్పగా పడి ఉంటే, లోపల ఆక్టోపస్ ఉందని గుర్తు. కదలకుండా నిలబడితే మెల్లగా ఒక చెయ్యి బయటికి వస్తుంది, చూస్తుండగానే ఒళ్లు ఇసుక రంగు నుంచి ముదురు గోధుమ రంగుకి మారిపోతుంది. ఇవి కాక భయపడితే ఒళ్లు ఉబ్బించే పఫర్ చేపలు, దోసకాయ ఆకారపు సీ కుకుంబర్లు, మెదడు ఆకారపు పగడాలు, కొంగలు, క్రాబ్ ప్లోవర్ పక్షులు ఉంటాయి.

కష్టాలు కూడా చెప్పాలి. నీడ లేదు. లోపలికి చాలా దూరం నడవాలి, అంతే దూరం వెనక్కి రావాలి, అదీ పోటు తిరిగేలోపు. సముద్రం ఇక్కడ ఎంత దూరం వెళ్తుందో అంత దూరమూ తిరిగొస్తుంది. గైడ్ "ఇక చాలు" అన్నాక ఇంకో ఫోటో కోసం ఆగకూడదు. "రాతి తీరం" అంటే మీ కళ్ల ముందు కొండలు, ఎగసిపడే అలలు ఉంటే, నరారా నిరాశపరుస్తుంది. ఇది బల్లపరుపు నేల, పక్కనే రిఫైనరీల గొట్టాలు కనిపించే ప్రాంతం.

ఒక పట్టింపు: ఇలాంటి చోట్ల కొందరు గైడ్లు, పర్యాటకులు సంతోషిస్తారని, పఫర్ చేపని పట్టి ఉబ్బించి చూపిస్తారు, సీ కుకుంబర్‌ని చేతికిస్తారు. చేపకి అది ప్రాణభయం. "నీళ్లలో ఉన్నవి ఉన్నట్టే చూపించండి, అదే మాకిష్టం" అని బయల్దేరేముందే చెప్పండి. చాలామంది గైడ్లు సంతోషంగా ఒప్పుకుంటారు.

సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్‌కు రైలుంది, అక్కడి నుంచి జామ్‌నగర్ రోడ్డు మీద. ఇంత దూరం కేవలం నరారా కోసం వెళ్లడం అందరికీ నచ్చదు. ద్వారక, సోమనాథ్ యాత్ర పెట్టుకున్నవాళ్లు మాత్రం దీన్ని వదలకండి. ద్వారకకి వెళ్లే దారికి ఎంతో దూరం కాదు. యాత్ర తేదీలు పౌర్ణమి దగ్గర పడేలా చూసుకుంటే దర్శనమూ, నరారా రెండూ కుదురుతాయి.

## ముంబయి

నగరంలో ఉన్నవాళ్లకి, పని మీద వెళ్లేవాళ్లకి చక్కటి అవకాశం. 2017లో మొదలైన మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబయి బృందం తీరం వెంట వాక్‌లు నడుపుతూ జనాన్ని సముద్ర జీవుల దగ్గరికి తీసుకెళ్తోంది. హాజీ అలీ, గిర్గావ్ చౌపాటీ, జుహూ, బాంద్రా తీరాల్లో చూడొచ్చు. పక్కన బస్సులు, భవనాలు, అడుగు కింద పగడం. కోస్టల్ రోడ్డు నిర్మాణం కోసం హాజీ అలీ, వర్లీల దగ్గర పగడాల్ని వేరే చోటికి తరలించాల్సి వచ్చిందంటే అక్కడ అవి ఉన్నాయనేగా.

ముంబయిలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు మిట్టమధ్యాహ్నానికి, అర్ధరాత్రికి అటూ ఇటూగా వస్తుంది. కాబట్టి మంచి ఆటు ఉదయం 6 ప్రాంతంలో, మళ్లీ సాయంత్రం 6 ప్రాంతంలో ఉంటుంది. ఉదయం వాక్ ముగించుకుని ఆఫీసుకి వెళ్లిపోవచ్చు. చెత్త, మురుగు వాసన భరించలేనివాళ్లకి ఇది సరిపడదు. చెప్పులు వద్దు, కాలంతా మూసే బూట్లే వేసుకోవాలి, గాజు పెంకులుంటాయి.

## నీల్ దీవి

2018లో షహీద్ ద్వీప్‌గా పేరు మారింది. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ దగ్గరున్న సహజ రాతి వంతెన చుట్టూ ఉన్న గుంటలే ఇక్కడ ఆకర్షణ. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం) నుంచి పొద్దున ఫెర్రీలో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. కానీ ఫెర్రీ టైము, ఆటు టైము కలవాలి. ప్యాకేజీ వాళ్లు ఇది చూడరు. మీరే అడగాలి. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి భాష ఇబ్బంది ఉండదు. అండమాన్ ఎలాగూ వెళ్తున్నారంటే ఒక రోజు దీనికి ఇవ్వండి. దీనికోసమే అండమాన్ వెళ్లాల్సిన అవసరం లేదు.

## ఎవరికి ఏది?

చిన్నపిల్లలున్నవాళ్లు: విశాఖ. రెండు గంటల్లో అయిపోతుంది, విసుగొస్తే పక్కనే ఇసుక ఉంది. ఆరేళ్లలోపు పిల్లల్ని రాళ్ల మీదికి కాకుండా ఒడ్డు దగ్గరి గుంటల దాకానే తీసుకెళ్లండి. అమ్మానాన్నల్లో ఒకరు ఫోన్ పక్కన పెట్టి పిల్లల చెయ్యి పట్టుకునే ఉండాలి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు: నాలుగింటిలో ఏదీ పూర్తిగా సరిపోదు. విశాఖలో అయితే వాళ్లు పార్కులో కూర్చుంటారు, మీరు చూసొస్తారు. నరారాకి బలవంతపెట్టి తీసుకెళ్లొద్దు.

జువాలజీ విద్యార్థులు, టీచర్లు: వీలైతే నరారా. కుదరకపోతే విశాఖకే ఏడాదిలో వేర్వేరు నెలల్లో వెళ్లండి. ఒకే గుంటని కాలం మారేకొద్దీ చూడటం వల్ల వచ్చే జ్ఞానం వేరు.

ఫోటోలు తీసేవాళ్లు: కొండలు, అలలు కావాలంటే విశాఖ. జీవులు దగ్గరగా కావాలంటే నరారా. నీళ్ల మీద పడే మెరుపుని తగ్గించే పోలరైజర్ ఉంటే తీసుకెళ్లండి.

ఒక్క వారాంతమే ఉన్నవాళ్లు: ఆ వారాంతానికి ఏ ఊళ్లో ఆటు బాగుందో ఆ ఊరు. ఎక్కడా బాగోకపోతే రెండు వారాలు ఆగండి.

## బుక్ చేసుకునేముందు అడగాల్సినవి

ఆ రోజు ఆటు ఎన్నింటికి, ఎన్ని మీటర్లు? ఈ ప్రశ్నకి వెంటనే సమాధానం రాకపోతే అక్కడే ఆపేయండి. నడక ఆటుకి గంట ముందు మొదలవ్వాలి, నీళ్లు తిరిగాక ముందుకి సాగకూడదు. ఒక గైడ్‌కి ఎంతమంది? పదిహేను దాటితే వెనకున్నవాళ్లకి ఏమీ కనిపించదు. అలల హెచ్చరిక వస్తే రద్దు చేస్తారా, డబ్బు తిరిగిస్తారా? "ఏం కాదు, వెళ్లిపోదాం" అనే గైడ్ వద్దు. విశాఖ తీరంలో రాళ్ల అంచున నిలబడి అల లాగేసిన ప్రమాదాలు కొత్త కాదు.

వెంట తీసుకెళ్లాల్సినవి తక్కువే: తడిసినా పర్వాలేని, అడుగున పట్టున్న బూట్లు, టోపీ, మంచినీళ్లు, ఫోన్‌కి ప్లాస్టిక్ కవరు. సన్‌స్క్రీన్ రాసుకుంటే గుంటల్లో చేతులు పెట్టొద్దు.

చేతులు పెట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. జోయాంథిడ్లలో కొన్నిటికి ప్రమాదకరమైన విషం ఉంటుంది. వాటిని తాకి కళ్లు నలుపుకుంటే కష్టం. కోన్ ఆకారంలో అందంగా మెరిసే గవ్వ లోపలి నత్త విషపు ముల్లుతో పొడుస్తుంది, కొన్ని జాతుల కాటుకి మనుషులు చనిపోయారు. ఖాళీగా కనిపించిన గవ్వ కూడా ఒక హెర్మిట్ పీతకి రేపటి ఇల్లు కావచ్చు. పగడాలు, సీ కుకుంబర్లు, కొన్ని రకాల గవ్వలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని జేబులో వేసుకోవడం నేరం. తిప్పి చూసిన రాయిని అదే వైపుకి, మెల్లగా, తిరిగి పెట్టేయాలి. లేకపోతే దాని కింద నీడలో బతికేవన్నీ ఎండకి చచ్చిపోతాయి.